బాలనర్సయ్య గారి రెండో తూకం

అధ్యక్షులు ఆత్మారాం గారికి, చెరుకు యార్డులో నర్సన్నతో కలిసి పనిచేసిన అన్నలందరికీ, చుట్టుపక్కల క్యాంపు ఊళ్ళ నుంచి వచ్చిన రైతులకు, నిజామాబాద్ నుంచి నాతో పాటు బస్సెక్కి వచ్చిన నా విద్యార్థులకు, ముందు వరుసలో కూర్చున్న నర్సన్న ఇల్లాలు హన్మవ్వక్కకు నమస్కారం.

ఇంతమంది వస్తారని నేను అనుకోలేదు. కుర్చీలు చాలక కొందరు కిటికీల దగ్గర నిలబడ్డారు. నర్సన్న ఉంటే ఏం చేసేవాడు? మైకు దగ్గరికి రమ్మన్నా వచ్చేవాడా? వెనక గోడకు ఆనుకొని నిలబడి, చేతులు కట్టుకొని వినేవాడు. ఆయన పోయి పన్నెండు రోజులైంది. అయినా ఈ హాల్లోకి రాగానే నా చూపు ఆ వెనక గోడ వైపే పోయింది. అలవాటు, ఏం చేయను? అక్కడ ఇవాళ ఎవరో పిల్లలు నిలబడి ఉన్నారు.

నా పేరు స్నేహలత. నిజామాబాద్‌లో ఒక డిగ్రీ కాలేజీలో ఇంగ్లీషు చెబుతాను. మొన్న ఆత్మారాం గారు ఫోన్ చేసి, 'మీరు ఆయనకు దగ్గరోళ్ళు, నాలుగు మంచి మాటలు చెప్పుండ్రి మేడం' అన్నారు. చెబుతాను. నర్సన్న గురించి చెప్పడానికి మంచి మాటలకు కరువు లేదు. కానీ ఆ నాలుగూ అయ్యాక ఒక తప్పు కూడా చెప్పుకోవాలి. అది ఆయనది కాదు, నాది. అది చెప్పకుండా ఈ వేదిక దిగితే ఇంటికి పోయి ఒక్క ముద్ద మింగలేను.

తెలియని వాళ్ళ కోసం చెబుతున్నాను. మన నర్సన్న, అంటే బాలనర్సయ్య, ముప్ఫై ఒక్క ఏళ్ళు మన బోధన్ చక్కెర ఫ్యాక్టరీ యార్డులో తూకం గుమస్తా. చదివింది పదో తరగతి. ఫ్యాక్టరీలో ఆఫీసర్లకు ఒక క్లబ్బు ఉండేది. అందులో రెండు బీరువాల పాత ఇంగ్లీషు పుస్తకాలు ఉండేవి. నవలలు, నాటకాలు, పద్యాలు, ప్రార్థన పుస్తకాలు. చదివేవాళ్ళు లేరు, బీరువా తాళంచెవి ఎవరి దగ్గరుందో అడిగేవాళ్ళు కూడా లేరు. అది నర్సన్న దగ్గరికి చేరింది. చెరుకు ఆడడం అయిపోయిన ఎండకాలం యార్డు ఖాళీగా ఉంటుంది కదా. ఆ రోజుల్లో ఒక్కో పుస్తకం తెచ్చుకొని, పక్కన డిక్షనరీ పెట్టుకొని, గుమస్తా గదిలో కూర్చొని చదివాడు. మొదటి నవల అయిపోవడానికి రెండు ఎండకాలాలు పట్టిందని తనే చెప్పి నవ్వేవాడు.

అలా చదువుతుంటే ఆయనకు ఒక సంగతి తట్టింది. మాట తెలిసిందే. అర్థం తెలిసిందే. కానీ ఆ అర్థం ఆ వాక్యంలో పట్టడం లేదు. 'మీట్' అంటే మాంసం అని చిన్నపిల్లలకు కూడా తెలుసు. మరి పాత పుస్తకంలో పశువుకు వేసే పచ్చిగడ్డిని మీట్ అన్నారేమిటి? 'అవ్‌ఫుల్' అంటే ఘోరం కదా. దేవుడి కొలువును పొగుడుతూ ఒక కవి ఆ మాట ఎందుకు వాడాడు? పుస్తకం తప్పా, డిక్షనరీ తప్పా? రెండూ తప్పు కాదు. ఒకప్పుడు తినేదేదైనా మీట్. చూసి చేతులు జోడించాలనిపించేదంతా అవ్‌ఫుల్. మూడు నాలుగు వందల ఏళ్ళలో మాటలు మెల్లగా జరిగి జరిగి ఇప్పుడున్న చోటికి వచ్చాయి. ఈ సంగతి పెద్ద పెద్ద యూనివర్సిటీలకు ఎప్పుడో తెలుసు. కానీ నర్సన్నకు ఎవరూ చెప్పలేదు. తన కళ్ళతో తను కనుక్కున్నాడు.

అప్పటి నుంచి అలాంటి మాటలను పట్టుకొని రాయడం మొదలుపెట్టాడు. వాడకుండా మిగిలిపోయిన తూకం చీటీలు ఉంటాయి కదా, వాటి వెనక వైపు. పైన మాట. దాని కింద, అది కనబడిన వాక్యం. ఆ కింద, తనకు తోచిన పాత అర్థం తెలుగులో. అన్నిటికన్నా కింద, స్కేలు పెట్టి గీసిన రెండు గీతలు, రెండు సంతకాలకు. మొదటి గీత మీద ఆయన సంతకం. రెండోది ఖాళీ.

ఆ రెండో గీత ఎందుకో యార్డు అన్నలకు చెప్పనక్కర్లేదు. నా పిల్లలకు చెబుతాను. చెరుకు బండి యార్డులోకి వస్తే నిండుగా ఒకసారి జోకుతారు, అదే మొదటి తూకం. చెరుకు దింపాక ఖాళీ బండిని మళ్ళీ జోకుతారు. ఆ రెండిటికీ ఉన్న తేడానే చెరుకు. అయితే నిండు బండిని జోకిన గుమస్తా ఖాళీ బండిని జోకకూడదు. రెండో తూకానికి రెండో మనిషి ఉండాలి, అతని సంతకం పడాలి. మొదటివాడు ఎంత రాశాడో కూడా రెండోవాడు చూడకూడదు. అప్పుడే ఆ చీటీ చెల్లుతుంది.

నర్సన్న ఈ పద్ధతిని ఎంత పట్టుగా నడిపేవాడో చెంచురామయ్య గారికి తెలుసు. అదిగో, మూడో వరుసలో ఉన్నారు. ఈ సంగతి నాకు చెప్పింది ఆయనే. ఒక ఏడాది చెరుకు సీజన్లో అకాల వాన పడింది. రామయ్య గారి ట్రాక్టరు పొద్దున్నించి లైన్లో నిలబడి, నిండు తూకం అయి, చెరుకు దింపుకొని ఖాళీ తూకానికి వచ్చింది. ఆ రోజు ఖాళీ తూకం దగ్గర ఉన్నది నర్సన్న. ట్రాలీని కాటా మీదికి ఎక్కనియ్యలేదు. చక్రాలు కడగమన్నాడు. వెనక నలభై బండ్లు హారన్లు కొడుతున్నాయి. రామయ్య గారే విసుక్కొని, 'పోనియ్యవయ్యా బాబూ, నీళ్ళెక్కడ తెచ్చేది ఇప్పుడు' అన్నారట. దానికి నర్సన్న, 'దింపినంక అంటిన బురద ఇది. దీన్ని జోకితె గంత చెరుకు మీకు తక్కువ పడ్తది. బురద తూకం నేను రాయను' అని, తనే బకెట్టు పట్టుకొని బోరింగు దగ్గరికి నడిచాడు. చూడండి, పోయేది రైతుది. ఆ రైతుకే పట్టింపు లేదు. కానీ ఈయన కదలలేదు. ఆ నలభై బండ్లవాళ్ళు ఆ రోజు ఆయన్ని తిట్టిన తిట్లు ఈ సభలో చెప్పేవి కావు.

మాటలతో కూడా అదే పని చేశాడు. వాక్యం నిండు బండి. ఆ మాటను తీసేసి చదివితే ఖాళీ బండి. ఆ ఖాళీలో ఏం పడితే వాక్యం సరిగ్గా నిలుస్తుందో, అదే ఆ మాటకు అప్పటి అర్థం. ఈనాటి అర్థం మాటకు తర్వాత అంటిన బురద, ముందు దాన్ని కడగాలి అనేవాడు. ఎంత సులువైన పద్ధతి! ఎం.ఏ. చదివిన నాకు ఎవరూ ఇలా చెప్పలేదు.

నేను ఆయన్ని మొదట చూసింది మా కాలేజీ సెమినార్లో, పదకొండేళ్ళ కింద. అప్పుడు నేను ఒక పాత నవల గురించి పత్రం చదివాను. అందులో ఒక ముసలి అత్త ఉంటుంది. ఆమె తిండి విషయంలో 'నైస్' అని రచయిత రాస్తాడు. నైస్ అంటే మంచి కదా! ఆమె చేతి వంటనీ, అతిథి మర్యాదనీ ఒక పేజీ పొగిడాను. చప్పట్లు కూడా పడ్డాయి. అందరూ భోజనాలకు వెళ్ళాక, మెట్ల దగ్గర తెల్ల చొక్కా వేసుకున్న ఒక మనిషి నా కోసం నిలబడి ఉన్నాడు. 'మేడం, మీరు చదివింది మంచిగుంది. కని ఆ ముసలామె మంచిది కాదు. తిండి కాడ పేచీ పెట్టేది. ఇంకోపాలి సూడుండ్రి' అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. ఈయనెవరు నాకు చెప్పడానికి? ఇంటికి పోయి నవల తీశాను. ఆ తర్వాతి పేజీలోనే ఆ అత్త, పులుసు చల్లారిందని గిన్నె నెట్టేస్తుంది. ఆ కాలంలో నైస్ అంటే ప్రతిదానికీ వంక పెట్టడం, అతి సన్నగా చూడడం. నేను కళ్ళెదుట ఉన్న గిన్నెను చూడలేదు.

ఆ మాట ఆయన అందరి ముందూ లేచి అనొచ్చు కదా? అంటే నా పరువు ఏమయ్యేది? ఎండలో గంటసేపు మెట్ల దగ్గర నిలబడి, నేను ఒక్కదాన్నే బయటికి వచ్చేదాకా ఆగాడు. ఆయన మంచితనం గురించి ఇంతకన్నా నేను చెప్పలేను.

ఆ పరిచయం పెరిగింది. ఆరేళ్ళ కింద ఒక ఆదివారం నిజామాబాద్ కంఠేశ్వర్‌లో మా ఇంటికి వచ్చి, ఒక గుడ్డసంచి నా బల్ల మీద పెట్టాడు. అందులో పదకొండు వందల నలభై చీటీలు. పాతిక ఎండకాలాల పని. 'నిండు బండి నేను జోకిన. ఖాళీ బండి మీరు జోకాలె. రెండో సంతకం మీది' అన్నాడు.

అన్నలారా, అక్కలారా, నా తప్పు ఇక్కడ మొదలైంది.

ఆ మాట నాకు అర్థం కాలేదు. అర్థమైందనుకున్నాను. పుస్తకం వేస్తున్నాడు కాబోలు, పెద్ద కాలేజీ మేడం సంతకం ఉంటే గౌరవంగా ఉంటుందని అడుగుతున్నాడు కాబోలు అనుకున్నాను. ముందుమాట రాయమంటున్నాడని అనుకొని లోపల కాస్త ఉబ్బిపోయాను. ముందుమాటే కదా, చివర్లో ఒక పూట కూర్చుంటే అయిపోతుంది. సంచిని బీరువా మీద పెట్టాను. ఆయన నన్ను గౌరవం అడగలేదు. పని అడిగాడు. ఒక్కో చీటీ తీసి, ఆయన రాసిన అర్థాన్ని చేత్తో మూసి, వాక్యం చదివి, నా తూకం నన్ను వేయమన్నాడు. అది పడేదాకా తన చీటీ చెల్లదని ఆయన నమ్మకం. చెల్లని చీటీని ప్రెస్సుకు ఇస్తాడా ఆ మనిషి?

ప్రతి నెలా మొదటి ఆదివారం వచ్చేవాడు. బోధన్‌లో బస్సెక్కి, నిజామాబాద్‌లో దిగి, ఆటోలో మా ఇంటికి. కొత్తగా రాసిన ఐదో ఆరో చీటీలు తెచ్చేవాడు. చాయ్ తాగేవాడు. అయిందా అని ఒక్కసారి కూడా అడగలేదు. వెళ్ళేటప్పుడు బీరువా మీది సంచిని ఒకసారి చూసి వెళ్ళేవాడు. నేనే ముందుగా అనేదాన్ని. పరీక్షలు అయిపోగానే చూస్తా నర్సన్నా. వాల్యుయేషన్ అయిపోగానే. ఇన్‌స్పెక్షన్ అయిపోగానే. ఇల్లు మారాం కదా, సర్దుకోగానే.

ఒక ఆదివారం ఆయన తెచ్చిన చీటీ మీద 'ప్రెజెంట్లీ' అని ఉంది. ఇప్పుడు దానికి కాసేపట్లో అనే అర్థం. పాత నాటకంలో ఒక రాణి తన దూతను ప్రెజెంట్లీ బయలుదేరమంటుంది, దూత గుర్రం మీద జీను కూడా లేకుండా పరుగెత్తుతాడు. అంటే అప్పట్లో ఆ మాటకు ఈ క్షణమే అని అర్థం. 'సూన్' కూడా అంతే, పూర్వం దానికీ వెంటనే అనే అర్థం. మరి ఇలా ఎలా మారాయి అని అడిగాను. నర్సన్న చాయ్ గ్లాసు కింద పెట్టి, 'మాట మోసం చెయ్యలే మేడం. మనుషులే వెంటనే అనుకుంట ఆలిశం చేసిండ్రు. ఆలిశం చేసి చేసి మాటకు గదే అర్థం పెట్టిండ్రు' అన్నాడు. నేను పడి పడి నవ్వాను. ఎంత బాగా చెప్పావు నర్సన్నా అన్నాను. నా మొహం మీద నాకే చెబుతున్నాడని ఆ రోజు నాకు తట్టలేదు. ఆయన నన్ను అనాలని అన్నాడని నేను ఇప్పటికీ అనుకోను. అలాంటి మనిషి కాదు. అనుకొని ఉంటే బాగుండేది. ఒక్కసారి నా మీద కోపం చేసి ఉంటే, ఆ సంచి ఆ రోజే దిగేది.

తీరిక లేక చేయలేదా? అలా చెబితే అబద్ధం. టీవీ చూడడానికి తీరిక ఉంది. పెళ్ళిళ్ళకు పోవడానికి తీరిక ఉంది. అసలు సంగతి చెప్పేస్తాను. నా మనసులో చిన్నచూపు ఉంది. పదో తరగతి చదివిన తూకం గుమస్తా రాసిన ఇంగ్లీషు చీటీలను కూర్చొని వరుసగా దిద్దాలా నేను అని ఉంది. ఆయనకు నమస్కారం పెట్టాను, చాయ్ పోశాను, నా పిల్లలకు ఆయన గురించి గొప్పగా చెప్పాను. పని మాత్రం చేయలేదు.

ఒకటిన్నర ఏడాది కింద, చీటీలు నా దగ్గర వదలడం ఆపేశాడు. తెచ్చి చూపించి మళ్ళీ జేబులో పెట్టుకునేవాడు. నేను గమనించనే లేదు. ఆ తర్వాత గుండె జబ్బని డాక్టర్లు బస్సు ప్రయాణం వద్దన్నారు. రావడం మానేశాడు. నేను రెండుసార్లు ఫోన్ చేశాను. వస్తా నర్సన్నా, సెలవులు రాగానే వస్తా అన్నాను. సెలవులు వచ్చాయి, పోయాయి. మళ్ళీ ఫోన్ మోగినప్పుడు ఆత్మారాం గారు కబురు చెప్పారు.

మూడో రోజు సంచి పట్టుకొని వాళ్ళింటికి వెళ్ళాను. ఎందుకు పట్టుకెళ్ళానో నాకే తెలియదు. తిరిగి ఇచ్చేయడానికా? ఎవరికి? హన్మవ్వక్క నన్ను చూసి ఏడవలేదు. లోపలి నుంచి ఒక రేకుపెట్టె తెచ్చి నా ముందు పెట్టి, ఆయన చీటీలు ఇవి కూడా ఉన్నాయని చెప్పింది. తీశాను. రెండు వందలకు పైగా ఉన్నాయి. ఈ ఏడాదిన్నరలో రాసినవి. పైన మాట, వాక్యం, అర్థం. మొదటి గీత మీద ఆయన సంతకం, చివరి చీటీలకు వచ్చేసరికి వణికిన అక్షరాలు.

రెండో గీత ఖాళీగా లేదు. ప్రతి చీటీ మీద ఒక ఊదారంగు వేలిముద్ర ఉంది.

హన్మవ్వక్కకు ఇంగ్లీషు రాదు. తెలుగు కూడా చదవడం రాదు. నర్సన్న ఏం చేశాడో తెలుసా? రోజూ పొద్దున మంచం మీద కూర్చొని ఒక వాక్యాన్ని ఆమెకు మన మాటల్లో చెప్పేవాడు. ఆ ఒక్క మాట మాత్రం వదిలేసి చెప్పేవాడు. అక్కడ ఏముండాలె అని ఆమెను అడిగేవాడు. ఆమె బియ్యం ఏరుకుంటూ చెప్పేది. అది తను రాసినదానితో కలిస్తే, స్టాంప్ ప్యాడు తెరిచి వేలిముద్ర వేయించుకునేవాడు.

ఒక చీటీ మీ కోసం తెచ్చాను. మాట 'సిల్లీ'. పాత పద్యంలో కాపరి చనిపోయాక అతని గొర్రెలు కొండ మీద వానలో నిలబడి ఉంటాయి, కవి వాటిని సిల్లీ అంటాడు. నన్ను అడిగితే తెలివితక్కువ గొర్రెలు అని చెప్పి పేజీ తిప్పేదాన్ని. ఎసొంటి గొర్రెలు అని నర్సన్న అడిగితే ఈమె ఏమందో ఆయన చీటీ చివర రాసి పెట్టాడు. 'దిక్కులేనియి. పాపం, వాటికేం తెల్వది.' అదే, ఆ కాలానికి సరిగ్గా అదే అర్థం. పెద్ద డిక్షనరీ తీసి చూశాను.

అన్నిటికీ ఆమె ఊ కొట్టిందనుకోకండి. పెట్టె అడుగున ఇంకో ముప్ఫై ఒక్క చీటీలు విడిగా కట్టి ఉన్నాయి. వాటి మీద వేలిముద్ర లేదు. 'హన్మవ్వ ఒప్పుకోలే' అని ఉంది, ఆయన రాతలోనే. తను రాసిన అర్థం మీద గీత కొట్టి ఉంది. నలభై ఏళ్ళు కాపురం చేసిన భార్య కాదంటే, పదకొండు వందలకు పైగా చీటీలు రాసిన మనిషి తన చీటీని పక్కన పెట్టాడు.

ఆ పెట్టె ముందు నేను కూర్చొని ఉంటే హన్మవ్వక్క నన్ను ఒక్క మాట అడిగింది. 'మేడం, నా ఏలిముద్ర నడుస్తదా? సదువు రాని దాన్ని, ఆయన పని ఖరాబ్ చేసిన్నా?'

ఆరేళ్ళు సంతకం పెట్టని చేయి నాది, రోజూ పొద్దున వేలు చాపిన చేయి ఆమెది. పాడుచేశానేమోనని భయపడుతున్నది ఆమె. నేను అక్కడ నోరు తెరిస్తే ఏడుపు తప్ప ఏం రాలేదు. ఆమే లేచి నాకు నీళ్ళు తెచ్చింది. ఆ రోజు నుంచి ఆ ప్రశ్న అలాగే ఉంది. అందుకే ఇవాళ మీ అందరి ముందూ జవాబు చెబుతున్నాను. యార్డు గుమస్తాలు ఉన్నారు, రైతులు ఉన్నారు, ఇంగ్లీషు చదువుకునే పిల్లలు ఉన్నారు. తప్పయితే ఇక్కడే ఆపండి.

హన్మవ్వక్కా, నీ వేలిముద్ర నడుస్తుంది. రెండో తూకానికి కావలసింది చదువు కాదు. మొదటి చీటీ చూడకుండా, ఎవరి మొహం చూడకుండా, ఉన్నది ఉన్నట్టు చెప్పే మనిషి కావాలి. నువ్వు చెప్పావు. భర్తతో కూడా కాదని చెప్పావు. ఆ రెండు వందల చీటీలే ఇప్పటికి పూర్తయినవి. నా దగ్గరున్న పదకొండు వందల నలభై, ఆ తర్వాత ఆయన నెలనెలా తెచ్చినవి, అన్నీ ఇంకా రెండో తూకం పడని నిండు బండ్లే.

ఆ రెండో గీత మీద నా పేరు రాసుకునే హక్కు నాకు లేదు. వచ్చే మొదటి ఆదివారం నేను నిజామాబాద్‌లో బస్సెక్కి బోధన్ వస్తాను. సంచి తెస్తాను. నేను వాక్యం చెబుతాను అక్కా. నువ్వు బియ్యం ఏరుకుంటూ, అక్కడ ఏముండాలో చెప్పు. ఎన్ని ఆదివారాలు పడితే అన్ని ఆదివారాలు వస్తాను. పుస్తకం అయ్యాక దాని మీద రెండు పేర్లుంటాయి, బాలనర్సయ్య, హన్మవ్వ. నేను రానంటే, పరీక్షలు అంటే, ఇన్‌స్పెక్షన్ అంటే, ఇక్కడున్న మీరందరూ వచ్చి మా ఇంటి ముందు కూర్చోండి.

నర్సన్నా, నా దగ్గర సంజాయిషీ లేదు. నువ్వు వినవు కాబట్టి క్షమించమని కూడా అడగను.

ఇక చాలు. మన బాలనర్సయ్య కోసం రెండు నిమిషాలు మాట్లాడకుండా ఉందాం. దయచేసి అందరూ లేచి నిలబడండి. కిటికీల దగ్గరున్నవాళ్ళు లోపలికి రండి. సెల్‌ఫోన్లు ఆపేయండి.

అక్కా, నువ్వు లేవకు. నువ్వు కూర్చో. మేము నిలబడతాం.